మూడో భాగం దాకా వచ్చిన పీటర్ పార్కర్

స్పైడర్‌మేన్ మూడో భాగం పేరెత్తితే చాలు, నాతో చదువుకున్నవాళ్ళలో చాలామందికి నల్ల డ్రెస్సు, కళ్ళ మీదికి దువ్వుకున్న జుట్టు, న్యూయార్క్ రోడ్ల మీద హీరో వేసిన చిందులు మాత్రమే గుర్తొస్తాయి. నవ్వేస్తారు. సామ్ రైమీ రెండు భాగాలు అంత బాగా తీసి మూడోదాన్ని పాడుచేసుకున్నాడని తేల్చేస్తారు. నేను 2007లోనూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. లోపాలు లేవనడం లేదు. విలన్లు ఎక్కువైపోయారు. వెనమ్ అనే విలన్ రంగంలోకి దిగేసరికి సినిమా అయిపోవస్తుంది. హీరో స్నేహితుడు హ్యారీ తలకి దెబ్బ తగిలి గతం మరిచిపోవడం మన పాత సినిమాల్లో ఎన్నిసార్లు చూశామో. అన్నీ నిజమే. కానీ స్పైడర్‌మేన్ అయిన పీటర్ పార్కర్ కథకి మొదటి భాగంలో ఒక రాత్రి దగ్గర ముడి పడింది. రెండో భాగంలో ఆ ముడి సగం వదులైంది. పూర్తిగా విడింది మూడో భాగం ఆఖర్లో, తెల్లవారుతుండగా, ఇంకా కట్టడం పూర్తికాని మేడ మీద. అక్కడిదాకా మనసు పెట్టి చూడకపోతే ఆ కుర్రాడు మనకి సగమే తెలిసినట్టు.

ఇంత గట్టిగా చెప్పడానికి సినిమా ఒక్కటే కారణం కాదు. మా దొడ్డ కూడా కారణం.

దొడ్డ మా అమ్మకి అక్క. మాది నరసన్నపేట దగ్గర పల్లె. పెదనాన్నకి శ్రీకాకుళంలో మోటారు వైండింగ్ షాపు ఉండేది. ఒక రాత్రి చిలకపాలెం వైపు నుంచి స్కూటర్ మీద ఇంటికొస్తుంటే లారీ గుద్దింది. అప్పటికి ఆ హైవే ఇంకా నాలుగు వరుసలు కాలేదు, వచ్చే బళ్ళూ పోయే బళ్ళూ ఒకే రోడ్డు మీద. ఆయన అక్కడికక్కడే పోయారు. దినం అయ్యాక మా అమ్మ నన్ను దొడ్డ దగ్గరే వదిలి ఊరెళ్ళిపోయింది. దొడ్డకీ, ఆవిడ కూతురు అప్పకీ తోడుగా ఉంటాను, నాకూ పట్నంలో చదువు దొరుకుతుంది. నాగావళి పాత వంతెనకి దగ్గర్లో ఒక సందు, రెండు గదుల పెంకుటిల్లు, ముందు అరుగు. దొడ్డ ఆ అరుగు మీదే మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. హుక్కులు, కాజాలు అప్ప పని. బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజెయ్యడం, కుట్టిన బట్టలు ఇళ్ళకి పట్టుకెళ్ళి ఇచ్చి డబ్బులు తేవడం నా పని.

మొదటి భాగం 2002లో వచ్చింది. నేను ఎనిమిదో క్లాసు. అప్పట్లో డబ్బింగు బొమ్మలు మా ఊరికి తీరుబడిగా చేరేవి. పెద్ద ఊళ్ళలో ఆడి ఆడి, ప్రింటు నిండా గీతలు పడ్డాక రీళ్ళ డబ్బాలు మా హాళ్ళకొచ్చేవి. సూర్యమహల్ జంక్షన్లో గోడ మీద ఎరుపూ నీలం పోస్టరు చూసి మా క్లాసంతా ఒకటే ఊగిపోవడం. దొడ్డ మిషను సొరుగులోంచి చిల్లర తీసి లెక్కపెట్టకుండా నా చేతిలో పోసింది. ఇంటర్వెల్లో గోళీసోడాకి కూడా సరిపోయాయి.

హాల్లో గోల చెప్పనక్కర్లేదు. వాడు మొదటిసారి గోడెక్కితే ఈలలు, మేడ మీంచి మేడ మీదికి దూకితే ఈలలు, మణికట్టులోంచి దారం చిమ్మితే ఈలలు. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో 1962లో కామిక్కులో పుట్టించిన పీటర్ ఆ దారాన్ని తను తయారుచేసుకున్న చిన్న యంత్రంతో వదిలేవాడు. రైమీ దాన్ని ఒంట్లోంచే వచ్చేలా మార్చాడు. కామిక్కుల అభిమానులకి అది నచ్చలేదని తర్వాత తెలిసింది కానీ నాకు చాలా నచ్చింది. ఎందుకో రెండో భాగం దగ్గర చెప్తాను.

నన్ను పట్టేసింది మాత్రం గోడలెక్కడం కాదు, కుస్తీ పోటీ అయ్యాక జరిగింది. ఆ కుర్రాడికి కారు కొనుక్కోవాలని ఆశ. పక్కింటి మేరీ జేన్ కంట్లో పడాలి. మూడు నిమిషాలు నిలబడితే మూడువేల డాలర్లని ప్రకటన చూసి బరిలోకి దిగుతాడు. నిలబడడమే కాదు, ఎదుటి వస్తాదుని మట్టి కరిపిస్తాడు. పోటీ పెట్టినాయన వంద డాలర్లు చేతిలో పెట్టి, మూడు నిమిషాల లోపే ముగించేశావు కదా, ఇంతే అంటాడు. నాకు డబ్బు అవసరమండీ అంటే, అది నాకెందుకు అన్నట్టు మాట్లాడతాడు. కాసేపటికి ఒక దొంగ ఆయన్నే దోచుకుని పరిగెత్తుకొస్తే పీటర్ పక్కకి తప్పుకుని దారి ఇస్తాడు. ఎందుకు వదిలేశావురా అని ఆయన అరిస్తే, ఆయనన్న మాటే ఆయనకి తిప్పి కొడతాడు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఆ చప్పట్ల చప్పుడు ఇంకా చెవుల్లో ఉండగానే తెర మీద రోడ్డు, చుట్టూ మూగిన జనం, వాళ్ళ మధ్యలో నెత్తుటితో, పీటర్‌ని పెంచిన అంకుల్ బెన్.

నా గొంతు పట్టేసింది. పెదనాన్న పోయినప్పుడు నన్ను ఆ రోడ్డు దగ్గరికి రానివ్వలేదు. ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించుకున్నదంతా ఆ తెర మీద ఉంది.

ఇంటికొచ్చాక కథ చెప్పాలి. పెదనాన్న పోయాక దొడ్డ హాలుకి వెళ్ళడం మానేసింది, కానీ మేం చూసొచ్చిన ప్రతి సినిమా కథా మాచేత చెప్పించుకునేది. మిషను తొక్కుతూనే వినేది. ఆ పెద్దాయన చావు దగ్గర మాత్రం ఏదో మింగేసి, పీటర్ మంచివాడైపోయి జనాల్ని కాపాడడం మొదలెట్టాడని గబగబా దాటించాను. దొడ్డ ఒప్పుకోలేదు.

"ఉన్నపాటున అలగ ఎందుకు మారిపోనాడ్రా? మజ్జిలో ఏదో అయ్యుండాల. సరిగ్గా సెప్పు."

చెప్పాను. మిషను ఆగింది.

"మరి ఆ దొంగ దొరికినాడేటి?"

"దొరికాడు దొడ్డా. వీడు తరుముకుంటూ వెళ్ళి పట్టుకుంటే, వాడు వెనక్కి వెనక్కి నడుస్తూ కిటికీలోంచి పడి చచ్చిపోయాడు."

"అయితే ఆ గుంటడికి ఆ రేత్రి నిద్ర పట్టిందేటి?"

నాకేం చెప్పాలో తెలీలేదు. ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆ ప్రశ్న పట్టుకుని చూస్తే మొదటి భాగం వేరేగా కనిపిస్తుంది. ఆ దొంగ ముఖం మీద వెలుతురు పడ్డప్పుడు పీటర్ చూసేది శత్రువుని కాదు, తను దారిచ్చి పంపిన మనిషిని. వాడు చచ్చినా పీటర్‌కి దక్కిందేమీ లేదు. అక్కణ్ణుంచి తనకి తనే ఒక శిక్ష వేసుకుంటాడు. గొప్ప శక్తితో గొప్ప బాధ్యత వస్తుందన్న పెద్దాయన మాటని అందరూ నీతివాక్యంలాగా చెప్పుకుంటారు గానీ, ఆ మాట ఆయన కారులో చెప్తున్నప్పుడు పీటర్ చిరాకుపడి, నువ్వు నా తండ్రివి కాదనేస్తాడు. ఆయన దెబ్బ తినకముందు పీటర్ ఆయనతో అన్న ఆఖరి మాట అదే. అందుకని ఆ బాధ్యత వాడికి ఆదర్శం కాదు, తీర్చలేని అప్పు. చివర్లో స్మశానంలో మేరీ జేన్ తనంత తనే వచ్చి ప్రేమిస్తున్నానని చెప్తే, చిన్నప్పట్నుంచీ ఆ మాట కోసమే బతికినవాడు, స్నేహితుడిగానే ఉంటానని చెప్పి వెళ్ళిపోతాడు. మా హాల్లో నేల టిక్కెట్టువాళ్ళు "ఒప్పేసుకోరా!" అని కేకలు పెట్టారు. పక్కనే హ్యారీ తండ్రి, గ్రీన్ గోబ్లిన్ అనే విలన్ అయిన నార్మన్ ఆస్బోర్న్ సమాధి. తను ఎక్కి ఎగిరే గ్లైడర్ కత్తికి తనే పొడుచుకుని చచ్చినవాడు. హ్యారీకి చెప్పకు అని చావుబతుకుల్లో అడిగాడు కాబట్టి పీటర్ ఆ నిజాన్ని దాచుకున్నాడు, ఆ మౌనానికి స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాడు. సినిమా గెలుపుతో అయిపోయిందని మావాళ్ళన్నారు. నాకు గెలుపేమీ కనబడలేదు.

రెండో భాగం 2004లో. ఇది మూడింటిలోకీ గొప్ప సినిమా, అందులో వాదన లేదు. ఆ ఏడాది విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ కూడా దానికే ఇచ్చారు. హాల్లో ఒకసారి చూశాను. తర్వాత కేబుల్లో వస్తే దొడ్డని కూర్చోబెట్టి చూపించాను. ఇంగ్లీషువాళ్ళ బొమ్మ మనకేటి అర్థమవుద్ది అంటూ కూర్చున్న మనిషి, మొదటి అరగంటకే చేతిలో గుడ్డ పక్కన పెట్టేసింది. ఎందుకంటే ఆ అరగంటలో హీరో చేసే పనుల్లో వీరత్వం కన్నా ఇబ్బందులే ఎక్కువ. పిజ్జా డెలివరీకి ఆలస్యమై ఉద్యోగం పోతుంది. క్లాసుకి ఆలస్యమై ప్రొఫెసరు చేత మాటలు పడతాడు. అద్దె బాకీ. చేతిలో మిగిలిన ఇరవై డాలర్లు ఇంటాయన లాగేసుకుంటాడు. అటు అంకుల్ బెన్ భార్య ఆంట్ మే ఇల్లు బ్యాంకువాళ్ళ పాలయ్యేలా ఉంది. ఆవిడ పుట్టినరోజు కానుకగా ఇరవై డాలర్ల నోటు ఇస్తే పీటర్ వద్దంటాడు. ఆ ముసలావిడకి ఒక్కసారిగా కోపం వచ్చి, ఎక్కువేం కాదు తీసుకోమని గట్టిగా అరిచి, వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

"నేనిచ్చే డబ్బులు నువ్వు ఒద్దంటే నాకూ అలాగే ఉంటాదిరా," అంది దొడ్డ తెర మీంచి చూపు తిప్పకుండా. ఆ తర్వాత ఆవిడ ఏమిచ్చినా వద్దనలేదు నేను.

ఇక దారం సంగతి. రెండో భాగంలో పీటర్ ఒంట్లో శక్తి తగ్గిపోతూ వస్తుంది. గాల్లో ఊగుతుండగా దారం రాదు, కింద పడతాడు. గోడ పట్టు జారుతుంది. సాలీడు కుట్టాక అవసరం లేకుండా పోయిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోవాల్సి వస్తుంది. డాక్టరు పరీక్షించి ఒంట్లో ఏ జబ్బూ లేదంటాడు. యంత్రంలోంచి వచ్చే దారమైతే యంత్రం పాడైందనుకుంటాం, బాగుచేసుకుంటాం. ఒంట్లోంచి వచ్చేది కాబట్టి, ఆగిపోయిందంటే లోపల మనిషే ఆగిపోయాడని మనకి తెలుస్తుంది. శిక్షగా చేస్తున్న మంచిపనిని ఒళ్ళు ఎన్నాళ్ళని మోస్తుంది? చివరికి డ్రెస్సు చెత్తకుండీలో పడేసి వెళ్ళిపోతాడు. కొన్నాళ్ళు హాయిగా ఉంటాడు కూడా. నాకు ఆ హాయి రోజులంటే ఇష్టం, వాడి ముఖంలో వయసుకి తగ్గ వెలుగు కనిపించేది అక్కడే.

రైలు సన్నివేశం గురించి రాయకుండా ముందుకెళ్ళలేను. మా స్కూల్లో దాని మీద పెద్ద పంచాయితీ నడిచింది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారి పేరున శ్రీకాకుళంలో స్టేడియం ఉంది కదా. ఆయన రెండు కార్లని గొలుసులతో కట్టి కదలనివ్వకుండా నిలిపేవారని, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకునేవారని డ్రిల్లు మాస్టారు చెప్పి చెప్పి మా అందరికీ కంఠతా వచ్చు. ఆయనైతే రైలుని ఆపేవారా లేదా అని మావాళ్ళు జట్లుగా విడిపోయి కొట్టుకునేదాకా వెళ్ళారు. నేను ఆ వాదనలో లేను. నాకు ఆపడం కన్నా ఆపిన తర్వాతి సంగతి ముఖ్యం. ముసుగు లేదు, డ్రెస్సు చిరిగిపోయింది, రెండు పక్కల మేడలకీ దారాలు వేసి ఒళ్ళంతా బిగబట్టి ఆపాడు, ఆపి స్పృహ తప్పి ముందుకి వాలిపోతున్నాడు. వెనకనుంచి చేతులొచ్చి పట్టుకున్నాయి. అందరూ కలిసి తలల మీదుగా అందిపుచ్చుకుంటూ లోపలికి తెచ్చి పడుకోబెట్టారు. అందులో ఒకాయన, వీడు మా వాడి వయసు కూడా ఉండడంటాడు. ఇద్దరు చిన్న పిల్లలు ముసుగు తెచ్చిచ్చి, ఎవరికీ చెప్పం అంటారు. ఊరిని కాపాడడం తన అప్పు అనుకుంటున్నవాడికి, ఆ ఊరే వాణ్ణి చేతులతో మోసి ఇక చాల్లే అన్నట్టు ఉంటుంది నాకు.

కానీ దొడ్డ కళ్ళు తుడుచుకున్నది అక్కడ కాదు. వంటింటి బల్ల దగ్గర. అంకుల్ బెన్ సమాధికి వెళ్ళొచ్చాక, ఆయన చావుకి నేనే కారణం అని పీటర్ మొదటిసారి నోరు విప్పి ఆంట్ మేకి చెప్తాడు. ఆ దొంగని పోనిచ్చింది నేనేనంటాడు. ఆవిడ తిట్టదు, ఏడవదు. అతని చేతిలోంచి తన చెయ్యి నెమ్మదిగా తీసుకుని, లేచి మేడ మీదికి వెళ్ళిపోతుంది. అంతే. ఆస్కార్ ఇచ్చిన ఎఫెక్టులన్నీ ఒక ఎత్తు, ఆ చెయ్యి తీసుకోవడం ఒక ఎత్తు.

"పాపం, ఆ కుర్రోడిని ఒదిలేసి ఎలిపోనాదేటి," అంది అప్ప.

"ఎల్లదేటి మరి? కాసేపు కావాలే," అంది దొడ్డ.

కొన్నాళ్ళకి ఆంట్ మే ఆ కాసేపు దాటుకుని వస్తుంది. ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు సర్దుకుంటూ, నువ్వు నిజం చెప్పావు, అందుకు ఇంకా ప్రేమిస్తున్నానంటుంది. పక్కింటి పిల్లాడు హెన్రీ స్పైడర్‌మేన్ కోసం ఎదురుచూస్తున్నాడని, ప్రతి మనిషిలోనూ ఒక వీరుడుంటాడని, దానికోసం ఒక్కోసారి బాగా ఇష్టమైనదాన్ని, కలల్ని కూడా వదులుకోవాల్సి వస్తుందని చెప్తుంది. ఆ మాట అక్కడితో ఆగదు. క్లైమాక్సులో పీటర్ ముసుగు తీసి ఇందులో విలన్ డాక్టర్ ఆక్టోపస్, అంటే ఆక్టేవియస్, ఎదురుగా నిలబడి, పిన్ని తనకి చెప్పిన ఆ మాటల్నే ఆయనకి చెప్తాడు. ఆ మాటలకే ఆక్టేవియస్ తన కలల యంత్రాన్ని తనే నదిలో ముంచి, దానితోపాటు మునిగిపోతాడు. ఊరిని కాపాడింది పిడికిలి కాదు, సామాన్లు సర్దుకుంటూ ఒక ముసలావిడ అన్న నాలుగు మాటలు. ఇంతటి సంగతి ఎవరూ పెద్దగా ఎత్తరు.

ఈ రెండో భాగానికీ మూడోదానికీ మధ్యలో మా ఇంటికి ఒకాయన వచ్చాడు.

నేను ఇంటర్లో ఉన్నాను. వైశాఖం ఎండ. అరుగు కింద ఒక మనిషి నిలబడి ఉన్నాడు, భుజం మీద గోనెసంచి. యాభై దాటి ఉంటాయి. ఇచ్ఛాపురం వైపు యాసలో, ఒడియా మాటలు కలుస్తూ, పెదనాన్న పేరు చెప్పి, ఇది ఆయన ఇల్లేనా అని అడిగాడు. అవునన్నాను. ఆ రోజు లారీ తోలింది తనే అన్నాడు.

అప్ప కుడుతున్న జాకెట్టు వదిలేసి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని బయటికి పొమ్మని అరవడానికి నోరు తెరిచాను. దొడ్డ చెయ్యి ఎత్తింది, ఆగమని. ఆయన్ని అరుగు మీద కూర్చోమంది. నాచేత మంచినీళ్ళు ఇప్పించింది. అప్పుడు అడిగింది, "ఎలగయ్యింది?" అని.

ఆయన చెప్పాడు. గేదె అడ్డం వచ్చిందని, దాన్ని తప్పించబోయి పక్కకి కోశానని, ఎదురుగా స్కూటర్ లైటు చూశానని, అప్పటికే బ్రేకు మీద నిలబడ్డానని. తర్వాత పారిపోయి పోలీసుస్టేషన్‌లో లొంగిపోయానని. లారీలు మానేసి పనస తోటలో కాపలా ఉంటున్నానని. దొడ్డ మధ్యలో ఒక్క మాట అనలేదు. అంతా విన్నాక, "ఆయన ఏటైనా అన్నారేటి?" అని అడిగింది. ఏమీ అనలేదన్నాడు. దొడ్డ చాలాసేపు మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"నాకు నీ మీద ఏటీ నేదు నాయినా. ఎండెక్కిపోతంది, బస్సు సూసుకుని ఎల్లు."

ఆయన వెళ్ళిపోయాడు. సంచి అరుగు మీదే ఉంది. అందులో ఉద్దానం పనసకాయ. విసిరి కొడదామని నేను లేచాను. దొడ్డ వద్దంది. మర్నాడు చేతులకి నూనె రాసుకుని తనే కోసింది. తొనలు సందులో ఇంటింటికీ పంచింది, తనూ తింది. అప్ప ముట్టలేదు. ఈనాటికీ అప్ప ఆ మాట ఎత్తదు. ఆవిడ అలా ఉండడం తప్పని నేననుకోను. చెయ్యి వెనక్కి తీసుకున్న మనిషి ఎప్పుడు మళ్ళీ చాపాలో, అసలు చాపాలో వద్దో, పక్కవాళ్ళు చెప్పేది కాదు.

2007 మే నెలలో మూడో భాగం వచ్చింది. సెలవులు, ఊరంతా తాటిముంజలు. మా బ్యాచ్ అంతా కలిసి వెళ్ళాం. మొదట్లో పీటర్‌ని చూసి సంతోషం వేసింది. పూర్వం వాణ్ణి తిట్టిపోసిన ఊరు ఇప్పుడు పండగ చేసి తాళంచెవి బహూకరిస్తోంది. ఆ సంతోషంలోనే వాడికి కొంచెం తలకెక్కింది. వానలో తలకిందులుగా వేలాడుతూ మేరీ జేన్‌ని ముద్దుపెట్టుకున్నది మొదటి భాగంలో వాళ్ళిద్దరికే చెందిన క్షణం. దాన్ని అందరి ముందూ, జనం చప్పట్ల కోసం, గ్వెన్ స్టేసీ అనే ఇంకో అమ్మాయితో మళ్ళీ ఆడతాడు. మేరీ జేన్ ముఖం అప్పుడు చూడండి.

అంతలో పోలీసులు పిలిచి చెప్తారు, అంకుల్ బెన్‌ని కాల్చింది ఆ పాత దొంగ కాదు, ఫ్లింట్ మార్కో అనే అతనని. ఇన్నేళ్ళూ మోసిన రాత్రి మళ్ళీ మొదటికొచ్చింది. నల్ల డ్రెస్సు ఎక్కడో ఆకాశంలోంచి ఊడిపడింది గానీ, అది వీడికి అంటుకోవడానికి చోటు ఈ కోపం ఇచ్చింది. సొరంగంలో మార్కోని తరిమి, నీళ్ళ గొట్టం పగలగొట్టి, ఇసకలాంటి ఆ మనిషిని బురదగా కరిగించేస్తాడు. చచ్చాడనుకుని ఇంటికెళ్ళి ఆంట్ మేకి శుభవార్త చెప్పినట్టు చెప్తాడు, స్పైడర్‌మేన్ వాణ్ణి చంపేశాడని. ఆవిడ సంతోషించదు. స్పైడర్‌మేన్ మనుషుల్ని చంపడు కదా అని ఆశ్చర్యపోతుంది. పగ విషంలాంటిదని, చూస్తుండగానే మనిషిని మింగేస్తుందని అంటుంది. భర్తని పోగొట్టుకున్న మనిషి అనే మాట అది. నేను సీట్లో ముందుకి జరిగి కూర్చున్నాను.

ఆ తర్వాతే అందరూ నవ్వే చిందులు. నేనూ నవ్వలేదని చెప్పను, రైమీ నవ్వించడానికే తీశాడు. శక్తి తలకెక్కిన అమాయకుడు తను మొనగాణ్ణనుకుంటే ఎలా ఉంటాడో అలాగే ఉంటాడు, చూసేవాళ్ళు పక్కకి తప్పుకుంటారు. కానీ ఆ చిందులు ఎక్కడికి తీసుకెళ్ళాయో కూడా చూడాలి. అదే ఊపులో జాజ్ క్లబ్బులో గొడవపడి, అడ్డొచ్చిన మేరీ జేన్‌ని నేల మీదికి నెట్టేస్తాడు. హాలంతా గప్‌చుప్. నువ్వెవరు అని ఆమె అడుగుతుంది, తెలీదంటాడు. మొదటి భాగం మొదటి మాటల్లోనూ, చివరి మాటల్లోనూ వాడు నేనెవరు అని తనే అడిగి, చివర్లో గర్వంగా జవాబు చెప్పుకున్నాడు. ఇక్కడ జవాబు లేదు. అక్కణ్ణుంచి నేరుగా చర్చికి వెళ్ళి, గంట మోతల మధ్య, ఆ నల్లదాన్ని చర్మం ఊడిపోతుందా అన్నట్టు పీకి పారేస్తాడు.

చివర్లో హ్యారీ వెనమ్ చేతిలో పీటర్‌కి తగలాల్సిన దెబ్బ తను తీసుకుంటాడు. పోరాటం అయిపోయాక మార్కో ముందుకొస్తాడు. కొట్టుకోవడానికి కాదు, చెప్పుకోవడానికి. కూతురికి జబ్బు, డబ్బు కావాలి, తుపాకీ చూపించి కారు అడిగానంటాడు. ఆ పెద్దాయన భయపడలేదు, తుపాకీ పక్కనపెట్టి ఇంటికెళ్ళమని చెప్పాడంటాడు. అంతలో తోడుదొంగ పరిగెత్తుకొచ్చి తగిలితే చేతిలో తుపాకీ పేలింది. క్షమించమని అడగడం లేదు, ఎలా జరిగిందో నీకు తెలియాలంతే అంటాడు.

ఎలగయ్యింది అని దొడ్డ అడిగిన గొంతు నాకు ఆ హాల్లో వినిపించింది. గేదె, స్కూటర్ లైటు, బ్రేకు. పీటర్ చాలాసేపు చూసి, నేనూ తప్పులు చేశానని, నిన్ను క్షమిస్తున్నానని అంటాడు. మార్కో ఇసుకై గాల్లో కలిసి వెళ్ళిపోతాడు, పీటర్ వెళ్ళనిస్తాడు. మొదటి భాగంలో నిర్లక్ష్యంగా పక్కకి జరిగి ఒక నేరస్థుడికి దారిచ్చినవాడు, మూడో భాగంలో అంతా తెలిసి, కళ్ళలోకి చూసి, ఇంకొకడికి దారిచ్చాడు. రైమీ ఒకే చిరుగుని మూడుసార్లు కుట్టి మూడోసారికి కలిపాడు. మొదటి విలన్ తన కత్తికే తను పోయాడు, రెండోవాణ్ణి మాటలతో మార్చాడు, మూడోవాణ్ణి క్షమించి పంపాడు. దీన్ని మించి ఒక హీరో ఎదగడం నేను ఏ సూపర్‌హీరో సినిమాలోనూ చూడలేదు.

బయటికొచ్చాక మావాళ్ళు ఏడు రోడ్ల కూడలి దాకా ఆ చిందులే వేసుకుంటూ నడిచారు. విలన్ని ఊరికే వదిలేశాడేటిరా అని ఒకడు, టిక్కెట్టు డబ్బులు దండగ అని ఇంకొకడు. నేను వాదించాను. గొంతు పోయేలా వాదించాను. పనసకాయ సంగతి మాత్రం చెప్పలేదు, అది మా ఇంటి సంగతి. ఇప్పుడు దొడ్డని అడిగి, రాసుకోమన్నాకే రాస్తున్నాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి కథ చెప్పాను. ఈసారి ఏదీ దాటించలేదు. దొడ్డ మిషను ఆపకుండా విని, "మరి ఆ కూతురికి జబ్బు తగ్గిందేటి?" అని అడిగింది. సినిమాలో చెప్పలేదన్నాను. "సెప్పాల్సింది," అంది.

2021 డిసెంబర్లో స్పైడర్‌మేన్ నో వే హోమ్ వచ్చినప్పుడు అప్ప కూతుర్ని నేనే తీసుకెళ్ళాను. అది టామ్ హాలండ్ సినిమా, పిల్లలకి వాడే స్పైడర్‌మేన్. కానీ ఆ మూడు భాగాల్లో పీటర్‌గా వేసిన మా టోబీ మగ్వైర్, కాస్త వయసు మీదపడి, అందులోకి వస్తాడు. గ్రీన్ గోబ్లిన్ చేతిలో తన ఆంట్ మేని పోగొట్టుకున్న కుర్ర పీటర్, ఆఖరి పోరులో గోబ్లిన్‌ని కింద పడేసి, గ్లైడర్ రెండు చేతులా పైకెత్తి పొడవబోతాడు. అదే గ్లైడర్ కత్తికి నార్మన్ ఒకసారి చావడం చూసినవాడు పెద్ద పీటర్. వచ్చి మధ్యలో నిలబడి, రెండు చేతులా దాన్ని పట్టుకుని ఆపుతాడు. ఒక్క మాట కూడా మాట్లాడడు. కుర్రాడి కళ్ళలోకి చూస్తాడంతే. చుట్టూ పిల్లలు అరుస్తున్నారు. మా మేనకోడలు నా చెయ్యి పట్టుకుని, ఏమైంది మావయ్యా, ఎందుకు ఏడుస్తున్నావు అని అడిగింది. ఆ మూడు సినిమాలూ వరసగా చూపిస్తాను, మూడోది మధ్యలో ఆపకూడదు అని ఒట్టేయించుకున్నాను.

ఇంటికెళ్ళేసరికి దొడ్డ మంచం మీద కూర్చుని ఉంది. కథ ఈసారి మా మేనకోడలు చెప్పింది. పెద్ద పీటర్ అడ్డుపడ్డాక గోబ్లిన్ వెనకనుంచి వాడి వీపులో కత్తి దించాడని చెప్పగానే దొడ్డ నిటారుగా కూర్చుంది.

"ఆ పెద్దోడు బతికినాడేటే?"

"బతికాడు అమ్మమ్మా. ఆయనకి ముందే నడుం నొప్పి కూడా ఉంది తెలుసా, ఇంకో స్పైడర్‌మేన్ వచ్చి నడుం విరిచి సర్దుతాడు."

"ఉండదేటి మరి," అంది దొడ్డ, "అన్నాళ్ళు ఆ మేడల మీద ఎగిరితేని."